పుట్టిల్లు వదిలొచ్చిన నేల

హైదరాబాద్ వెళ్ళినవాళ్ళు బిర్లా మందిరం చూడకుండా రారు కదా! దర్శనం చేసుకుని, మెట్లమీద కాసేపు కూర్చుని, చల్లగాలి పీల్చుకుని ఇంటిదారి పడతాం. ఈసారి వెళ్తే మాత్రం ఒక గంట మిగుల్చుకోండి. దగ్గర్లోనే ఉన్న బిర్లా సైన్స్ మ్యూజియంలో మన గోదావరి ప్రాంతపు రాక్షసబల్లి ఒకటి నిలబడి ఉంది. పేరు కోటాసారస్.

మేం మొన్న సెలవుల్లో వెళ్ళాం. సిడ్నీ నుంచి మా అమ్మాయి, ఎనిమిదేళ్ళ మనవడు వచ్చారు. అక్కడే ఇల్లు కొనుక్కున్నామని, ఇక తిరిగి రావడం ఉండకపోవచ్చని అమ్మాయి ముందురోజు రాత్రే మెల్లగా చెప్పింది. మంచిదేనమ్మా అన్నాను గానీ, నాకు నిద్ర పట్టలేదు. ఆ బరువుతోనే మ్యూజియంలో అడుగుపెట్టాను.

ఈ కోటాసారస్ ఎముకలు పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర 1970లలో బయటపడ్డాయి. తవ్వింది మన భూగర్భ సర్వే శాఖవాళ్ళు. దానికి పేరు పెట్టి, 1988లో లోకానికి చెప్పింది పి. యాదగిరి అనే శాస్త్రవేత్త. ఒకటీ రెండూ కాదు, కనీసం పన్నెండు జంతువుల ఎముకలు ఒకేచోట దొరికాయట. సుమారు 18 కోట్ల ఏళ్ళ కిందటివి. ఇది ఆకులలములు తిని బతికిన జీవి కాబట్టి పిల్లలు భయపడక్కర్లేదు.

మావాడు దాన్ని ఎగాదిగా చూసి, "అమ్మమ్మా, మీకు ఇంత పెద్ద డైనోసార్ ఉంది సరే, కంగారూ ఎందుకు లేదు?" అన్నాడు. వంటింట్లో ఇలాంటి ప్రశ్న వేస్తే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని. అక్కడ కుదరలేదు. గోడమీద పటాలు చూసుకుంటూ, ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేసి నేను తెలుసుకున్నది మీకూ చెబుతాను.

ఆ రాక్షసబల్లి బతికున్న రోజుల్లో మనకూ ఆస్ట్రేలియాకూ మధ్య సముద్రమే లేదు. మనం, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, ఆఫ్రికా, మడగాస్కర్, దక్షిణ అమెరికా అందరం ఒకే ఉమ్మడి కుటుంబం. ఆ మహాఖండం పేరేమిటో తెలుసా? గోండ్వానా! మన ఆదిలాబాద్ అడవుల్లోనూ, మధ్య భారతంలోనూ ఉండే గోండుల పేరే. గోండుల సీమలో రాతిపొరలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 19వ శతాబ్దంలో పెట్టిన పేరు అది.

ఉమ్మడి కుటుంబం అనడానికి సాక్ష్యం కావాలంటారా? మన సింగరేణి రాక్షసిబొగ్గు పొరల్లో గ్లాసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల అచ్చులు దొరుకుతాయి. మా అమ్మాయి ఉండే సిడ్నీ చుట్టుపక్కల బొగ్గు పొరల్లోనూ ఆ ఆకులే! మీ మిక్సీ తిరిగే కరెంటులో ఆ పాత అడవి పాలు కొంత ఉండొచ్చు. అలాగే పందిపిల్లంత లిస్ట్రోసారస్ అనే జంతువు ఎముకలు బెంగాల్లోనూ, దక్షిణాఫ్రికాలోనూ, మంచు అంటార్కిటికాలోనూ దొరికాయి. అది సముద్రాలు ఈదింది కాదు, నేలమీద నడిచి వెళ్ళింది.

తర్వాత వేరుకాపురాలు మొదలయ్యాయి. సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట మన నేల అంటార్కిటికా, ఆస్ట్రేలియాల నుంచి విడిపోయింది. దాదాపు 9 కోట్ల ఏళ్ళ కిందట మడగాస్కర్ని కూడా వదిలి, ఒంటరిగా ఉత్తరానికి బయల్దేరింది. ఒక దశలో ఏడాదికి పదిహేను సెంటీమీటర్లకు పైగా నడిచిందట! సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట ఆసియాకు తగిలింది. ఆ తాకిడికి లేచినవే హిమాలయాలు. మధ్యలో ఉన్న సముద్రం మాయమైంది గానీ, గుర్తులు మిగిలాయి. గండకీ నదిలో దొరికే సాలగ్రామాల్లో చాలావరకు ఆ సముద్రపు అమ్మోనైట్ జీవుల శిలాజాలే. మీ పూజామందిరంలో సాలగ్రామం ఉంటే ఈసారి అభిషేకం చేసేటప్పుడు ఆ చుట్టలు ఒకసారి పరీక్షగా చూడండి.

ఇక కంగారూ సంగతి. పొట్టసంచిలో పిల్లల్ని మోసే జంతువుల పూర్వీకులు దక్షిణ అమెరికా నుంచి, అప్పట్లో పచ్చగా ఉన్న అంటార్కిటికా మీదుగా ఆస్ట్రేలియా చేరాయి. అప్పటికే మనం ఆ ఇల్లు వదిలి ఎంతో కాలమైంది. పెళ్ళయి వెళ్ళిపోయాక పుట్టింట్లో పుట్టిన పిల్లల్ని చూడని ఆడపడుచు లాంటివాళ్ళమన్నమాట. ఆ తర్వాత ఆస్ట్రేలియా కూడా విడిపోవడంతో, వాటి సంతతి అక్కడే రకరకాలుగా మారి కంగారూ, కోలా అయింది. మనకేమో ఆసియాతో కలిశాక పులులు, జింకలు భూమార్గాన వచ్చి చేరాయి.

అయితే పుట్టింటి సారె అంతా పోలేదు. కేరళ కొండల్లో ఊదారంగు కప్ప ఒకటుంది. ఏడాదంతా నేలలోనే ఉండి, వానాకాలంలో కొద్దిరోజులే పైకొస్తుంది. 2003లో శాస్త్రజ్ఞులు దాన్ని వర్ణించినప్పుడు, దాని దగ్గరి చుట్టాలు ఎక్కడున్నాయో తెలుసా? సముద్రం అవతల సీషెల్స్ దీవుల్లో! నేల చీలిపోయి రెండు చోట్లకు చేరినా చుట్టరికం పోలేదు.

ఇదంతా చెబితే మనవడు ఊరుకున్నాడా? "మరి మళ్ళీ కలుస్తాయా అమ్మమ్మా?" అన్నాడు. రెండు నేలలూ ఇప్పటికీ ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి నడుస్తూనే ఉన్నాయి నాన్నా, కానీ దానికోసం మనం కాచుక్కూర్చోలేం, విమానం ఎక్కాల్సిందే అన్నాను. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. సారెలో ఏం పెట్టాలా అని ఆ సాయంత్రమే ఆవకాయ జాడీ తీశాను.

మీరు వెళ్ళేటప్పుడు పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళండి. పులిహోర పొట్లాలూ, నీళ్ళసీసా మర్చిపోకండి. వాళ్ళడిగే ప్రశ్నలకు జవాబు తెలియకపోతే మాత్రం విసుక్కోకండి. ఇంటికొచ్చి ఇద్దరూ కలిసి వెతుక్కోండి. నేనూ అలాగే నేర్చుకున్నాను.