పాట్ మార్కెట్ మన్ను

అమ్మ దాన్ని అరచేతిలో వేసుకుని, కళ్ళజోడు పైకెత్తి, కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. "దీనికోసమా ఆరేళ్ళు ఎండలో పడి తిరిగావు? శనగబద్దంత లేదు కదరా!"

శనగబద్దంతే ఉంది. 3.21 గ్రాములు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం, డనోలీ అనే చిన్న ఊరికి అవతల ఎర్రమట్టిలో, జానెడు లోతున నా మెటల్ డిటెక్టర్‌కి చిక్కిన బంగారు ముక్క. కరిగించడానికి మనసొప్పక, ఉన్నదున్నట్టుగా కొక్కెం వేయించి మెడలో గొలుసుకి తగిలించుకున్నాను. మెల్‌బోర్న్‌లో తెలుగువాళ్ళు ఎక్కడ కలిసినా, ఎవరైనా దాని వంక చూడడమే ఆలస్యం, కథ మొదలెట్టేస్తాను. సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో అమ్మ ముందు మాత్రం ఆ కథ రెండో వాక్యం దాటలేదు.

"ఇంతకీ గిట్టుబాటైందా?" అని అడిగింది.

దానికి జవాబు మా ఆవిడ నోటుపుస్తకంలో ఉంది. ఆరేళ్ళలో ముప్పై ఒక్క ముక్కలు, అన్నీ కలిపి 19 గ్రాములు. సగం ఆవగింజలే. చిన్న సీసాలో నీళ్ళు పోసి అందులో వేశాను, కాస్త పెద్దవిగా కనిపిస్తాయని. 2025లో ధర ఎంత మండిపోతున్నా, ఆ లెక్కన కట్టినా మూడు వేల డాలర్లకి అటూ ఇటూ. డిటెక్టర్, అదీ ఒకరు వాడి అమ్మింది, 4,200 డాలర్లు. పోను రాను నాలుగు వందల కిలోమీటర్ల పెట్రోలు వేరే. ఆదివారాలకి మా ఆవిడ ఇంకా ధర కట్టలేదు. కట్టకుండా ఉంటేనే ఇంటికి మంచిది.

అక్కడ ఇదేమీ దొంగచాటు పని కాదు. పాతిక డాలర్ల పైచిలుకు కడితే 'మైనర్స్ రైట్' అనే కాగితం ఇస్తారు, పదేళ్ళు చెల్లుతుంది. అనుమతి ఉన్న నేలలో చేతి పనిముట్లతో తవ్వుకోవచ్చు, తవ్విన గుంట పూడ్చాలి, దొరికింది మనదే. ఈ హక్కు ఊరికే రాలేదు. లైసెన్సు రుసుము కట్టలేక బల్లారట్‌లో తవ్వకందార్లు 1854 డిసెంబర్‌లో తిరగబడి తూటాలు తిన్నారు. మరుసటేడాది ఈ చవక కాగితం పుట్టింది. అదే యంత్రం భుజాన వేసుకుని తెలంగాణలో ఏ పాత కోట గోడ పక్కనో తిరగండి, గుప్తనిధుల ముఠా దిగిందని పోలీసులకి ఫోను వెళ్తుంది. 1878 నాటి నిధుల చట్టం ఇంకా బతికే ఉంది. నేలలో దాచిన సొత్తు పది రూపాయలకి మించి దొరికితే కలెక్టరుకి చెప్పుకోవాల్సిందే. సికింద్రాబాద్‌వాళ్ళకి మెటల్ డిటెక్టర్ అంటే స్టేషన్ దగ్గర నిలబెట్టిన తలుపు లేని గుమ్మమే. ఎవరు వెళ్ళినా కూస్తుంది, ఎవరూ తలెత్తరు.

నన్ను పట్టుకున్న జబ్బు కథల వల్ల అంటుకుంది. 1869 ఫిబ్రవరిలో మోలియాగుల్ దగ్గర జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అనే ఇద్దరికి నేల పైపొరలోనే, ఓ అంగుళం లోతున బంగారం బండ తగిలింది. కరిగిస్తే డెబ్బై కిలోల పైన తేలింది. డనోలీ బ్యాంకు తక్కెడలో పట్టక, కమ్మరి దాగలి మీద పెట్టి ముక్కలు కొట్టాల్సి వచ్చింది. 1980లో కింగోవర్ దగ్గర కెవిన్ హిల్లియర్ అనే ఆయనకి డిటెక్టర్‌తోనే 27 కిలోల ముద్ద దొరికింది. అది లాస్ వేగస్ జూదశాల కొనుక్కుంది. 2023లో ఒకాయన 1,200 డాలర్ల మామూలు డిటెక్టర్‌తో 4.6 కిలోల రాయి ఏరుకుని జీలాంగ్‌లో చూపిస్తే, అందులో 2.6 కిలోల బంగారం ఉంది. రెండు లక్షల నలభై వేల డాలర్లు! ఆ వార్త వచ్చిన వారం మేం వెతికే అడవుల్లో కార్లు పెట్టుకోవడానికి చోటు లేదు.

నాకు దొరికేవి వేరు. గుర్రపు నాడాల మేకులు, డబ్బా మూతలు, సీసపు గుండ్లు, ఎప్పుడో తాగి పారేసిన బీరు డబ్బాల చెవులు. నూటయాభై ఏళ్ళ నాటి తవ్వకందార్లు బంగారం పట్టుకెళ్ళి చెత్త మనకి వదిలిపెట్టారు. చెవుల్లో సన్నగా లేచి పడే ఈల వినిపించగానే గుండె ఝల్లుమంటుంది. మోకాళ్ళ మీద కూలబడి తవ్వుతాం. గడ్డపారకి అతికించిన అయస్కాంతానికి తుప్పుపట్టిన మేకు టక్కున అంటుకుంటుంది. మళ్ళీ లేచి నడుస్తాం. ఇనుపరాళ్ళ నేలైతే ఇంకా ఘోరం, రాయి కూడా బంగారంలా కూస్తుంది.

ఈ పిచ్చి మన నేలలోనూ ఉంది. మా మేనత్తది పత్తికొండ. తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలాల్లో జనం తలలు వంచుకుని వజ్రాలు వెతుకుతారు. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వచ్చి చెట్ల కింద, గుళ్ళల్లో వండుకు తింటారు. యంత్రం అక్కర్లేదు, ఉన్నా పనికిరాదు, వజ్రం లోహం కాదు కదా. వాన కడిగిన నేల మీద వాలు వెలుతురులో మెరిస్తే ఏరుకోవడమే. మా బావ మూడేళ్ళు వరసగా వెళ్ళి సంచెడు రంగురాళ్ళు తెచ్చాడు. మా అత్తయ్య వాటిని తులసికోట చుట్టూ పేర్చింది. అన్నట్టు, అదే జొన్నగిరి నేలలో ఇప్పుడు బంగారు గని లేచింది. వజ్రాలకని వంగినవాళ్ళు ఎన్నిసార్లు బంగారం మీద నడిచారో!

అమ్మ ప్రశ్నకి సరైన జవాబు మాత్రం నగల దుకాణాల పాట్ మార్కెట్‌లో దొరికింది. గొలుసు కొక్కెం వదులైందని, నాన్న రోజుల నుంచి మాకు తెలిసిన అవుసలి చారి గారి దగ్గరికి బయల్దేరాను. పొద్దున్నే మోండా మార్కెట్‌లో అమ్మకి పూలు కొని, అటు నుంచి అటే నడిచాను. దుకాణాల షట్టర్లు ఇంకా లేవలేదు. సందులో ఒకావిడ గొంతుక్కూచుని, చిన్న కుంచెతో మెట్ల మూలలు, మోరీ అంచులు ఊడ్చి రేకు తట్టలోకి ఎత్తుతోంది. చిన్నప్పుడు వీళ్ళని మునిసిపాలిటీవాళ్ళనుకునేవాణ్ణి. మునిసిపాలిటీవాళ్ళు ఇంత శ్రద్ధగా ఊడ్వరని ఎప్పుడూ తట్టలేదు.

"ఏముంటదమ్మా అందులో?" అన్నాను.

"మన్నే సార్. జర బంగారం గూడ ఉంటది," అంది, తలెత్తకుండానే.

ఆకురాయి పెట్టి రాసినప్పుడు రాలే పొడి, పనివాళ్ళ బట్టలకి, జుట్టుకి, కాళ్ళకి అంటుకుని గడప దాటిన నలుసులు. ఆ మన్ను జల్లించి, తట్టలో నీళ్ళు పోసి ఆడిస్తే తేలికది పోయి బరువుది అడుగున నిలుస్తుంది. దానికి పాదరసం పట్టించి, కాల్చి, తేజాబ్ అనే ఆమ్లంలో వేస్తే వెండీ రాగీ కరిగిపోయి బంగారం మిగులుతుందట. ఆ పొగ మంచిది కాదని నేనంటే, "తెల్సు సార్" అని ఊరుకుంది. ఈ వృత్తి ఎంత పాతదో, బ్రౌన్ నిఘంటువులోనే దానికి జలగడుగు అని పేరుంది: మోరీల్లో, కంసాలుల ఊడ్పుల్లో బంగారం వెతికేవాళ్ళు.

ఆవిడ ఊడ్చే చోట్లు గమనించాను. అద్దాల తలుపుల పెద్ద షోరూముల వైపు కన్నెత్తి చూడలేదు. పనివాళ్ళు కూర్చునే ఇరుకు మేడల మెట్లు, వాళ్ళు చేతులు కడిగే తూము, చాయ్ తాగడానికి నిలబడే అరుగు. డనోలీలో ఓ ముసలి తవ్వకందారు నాకు మొదటి రోజు చెప్పిందీ ఇదే: కొత్త కొండలెక్కకు, పాతవాళ్ళు తవ్విన గుంటల అంచులు వెతుకు. ఆరేళ్ళూ నేను కొత్త కొండలే ఎక్కాను.

ఇంకో సంగతి. నా నాలుగు వేల డాలర్ల యంత్రాన్ని ఆవిడ తట్ట మీద తిప్పితే బంగారం గురించి నోరు మెదపదు. అంత సన్నటి పొడి, మన్నులో చెదిరిపోయి ఉంటే దానికి వినిపించదు. రేకు తట్టని చూసి మాత్రం చెవులు పగిలేలా అరుస్తుంది.

"రోజుకెంత వస్తదమ్మా?"

"ఓ దినం రెండు నూర్లు, ఓ దినం సున్న. తులం లచ్చ అయిందంటే మాకు మంచిదే అనుకుంటరు అందరు. యాడ సార్? పిరమైతే కొనేటోళ్ళు తక్కువైతరు, పనోళ్ళకి పని లేదు, మన్నుల ఏం రాలుతది?"

ధర పెరిగితే మా అడవికి జనం పోటెత్తుతారు. ఆవిడ సందు వట్టిపోతుంది.

తొమ్మిదింటికి చారి గారు వచ్చారు. ముక్కని గీటురాయి మీద ఒక్కసారి గీసి, "ఏం కలపకుండనే ఇంత మంచిగుందా బాబూ!" అని మురిశారు. అమ్మ అనాల్సిన మాట ఆయన అన్నారు. పాత అతుకు ఊడదీసి, ఊదుగొట్టంతో కొత్తది పెట్టి, అంచు మీద ఆకురాయితో నాలుగుసార్లు రాశారు. పొడి ఒళ్ళోని తోలు మీద రాలింది. లేచి బయటికి రాబోతుంటే ఆపారు. "ఆ గోనె మీద కాళ్ళు దులిపి పో బాబూ." గడప లోపల పరిచిన పాత గోనెపట్టా అది. ఏడాదికోసారి దాన్ని కాల్చి, బూడిదని ఊడ్పుతో కలిపి గుత్తకి ఇస్తారు. లోపలి మన్ను యజమానిది, గడప దాటిందేమైనా ఊడ్చినవాళ్ళది. అంతా మాట మీదే నడుస్తుంది. మైనర్స్ రైట్ లాంటి కాగితమేమీ లేదు.

నేను ఆ గోనె మీద రెండు కాళ్ళూ గట్టిగానే దులిపాను. తర్వాత ఆగి, ముక్కని ఇంకోసారి తూచమన్నాను. 3.19.

మెల్‌బోర్న్ చేరాక మా ఆవిడ నోటుపుస్తకంలో అంకె దిద్దుతూ, "ఆ రెండు పాయింట్లు ఎక్కడికి పోయాయి?" అంది. ఆ రోజు ధరకి రెండు వందల రూపాయల సరుకు. సగం చారి గారి తోలు మీద ఉండి ఉంటుంది. మిగతాది నా చొక్కా మడతల్లో గడప దాటి, చాయ్ తాగిన అరుగు దగ్గర రాలిందేమో.