అవ్వ కోళ్ళూ, మన పిల్లలూ

తన కోడీ తన కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ సంగతి మన ఇండ్లలో పిల్లలందరికీ తెలుసు. మనలో కొందరు తాతముత్తాతల నాడే ఊళ్ళు విడిచి వచ్చినవారు. మరికొందరు ఎల్లలు మారినా ఉన్నచోటనే ఉన్నవారు. బళ్ళారి అయినా, బరంపురం అయినా, షోలాపురం అయినా, మాటతో బాటు ఆ ముసలమ్మనూ ఆమె కోడినీ మాత్రం ఎవరమూ విడిచిపెట్టలేదు. ఆ కోడిని గురించే ఈ నెల నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చింది. ఇది వంటింటి సంగతే గాని, రుచిని గురించి మాత్రం కాదు.

2025 మార్చిలో పల్నాటి నరసరావుపేటకు చెందిన రెండేళ్ళ ఆడబిడ్డ మంగళగిరి ఎయిమ్స్ ఆసుపత్రిలో చనిపోయింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థవారు పరీక్ష చేసి, ఆ బిడ్డకు సోకినది కోళ్ళను చంపే హెచ్‌5ఎన్‌1 అనే ఇన్‌ఫ్లుయెంజా అని తేల్చారు. జబ్బు పడకముందు బిడ్డ పచ్చి కోడిమాంసం ముక్క నోట పెట్టుకున్నదని పత్రికలలో వచ్చింది. కన్నవారిని తప్పు పట్టడానికి ఈ మాట వ్రాయడం లేదు. కత్తిపీట ముందు కూర్చున్న తల్లి ప్రక్కకు చేరని పసిబిడ్డ ఏ ఇంట్లో ఉన్నది?

ఈ రోగం మనుష్యులకు రావడం మొదట బయటపడినది 1997లో, హాంకాంగులో. మే నెలలో ఒక మూడేళ్ళ పిల్లవాడు పోయాడు. సంవత్సరం ముగిసేలోగా మొత్తం 18 మందికి సోకి ఆరుగురు చనిపోయారు. అక్కడి ప్రభుత్వం కొద్ది రోజులలో 13 లక్షలకు పైగా కోళ్ళను చంపించి దానిని ఆపింది. 2003 మొదలు 2025 జనవరి దాకా 24 దేశాలలో 960 మందికి పైగా సోకినట్లూ, వారిలో దాదాపు సగంమంది మరణించినట్లూ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెబుతున్నది. స్వల్పంగా వచ్చి పోయిన జ్వరాలు ఈ లెక్కకు ఎక్కకపోయి ఉండవచ్చును. మన దేశంలో కోళ్ళకు మొదట కనిపించినది 2006 ఫిబ్రవరిలో, మహారాష్ట్రలోని నవాపురంలో. అప్పుడు మనుష్యులెవరికీ సోకలేదు. 2021లో హర్యానాకు చెందిన ఒక బాలుడు ఢిల్లీలో ఈ రోగంతో పోయాడు. నరసరావుపేట బిడ్డది రెండవ మరణం.

ఇన్ని కోట్లమంది కోళ్ళను పెంచి, కోసి, తింటూ ఉండగా ఇంత తక్కువమందికే ఎందుకు వచ్చిందని అడుగవచ్చు. ఈ క్రిమి పక్షి ఒంటికి అలవాటు పడినది. అది అంటుకోగల చోట్లు మనిషి ముక్కులో, గొంతులో తక్కువ. ఊపిరితిత్తుల అడుగున, కళ్ళలో ఎక్కువ. అందుచేత సులభంగా రాదు, ఒకరినుంచి ఒకరికి తేలికగా ప్రాకదు. లోతుకు దిగినదంటే మాత్రం న్యుమోనియా అయి కూర్చుంటుంది. 1957లోనూ 1968లోనూ ప్రపంచమంతా తిరిగిన ఇన్‌ఫ్లుయెంజాలలో పక్షుల క్రిమి అంశ కలిసి ఉన్నది. అటువంటి కలయిక మరల జరుగుతుందేమోనన్నదే పెద్ద డాక్టర్ల భయం. అందుకే ఎక్కడో ఒక పెరటిలో కోడి చచ్చినా వారికి కబురు కావాలి.

ఆ కబురు చెప్పడం ఎంత కష్టమో నేను మా వీధిలోనే చూశాను. 2025 ఫిబ్రవరి, మార్చి నెలలలో గోదావరి జిల్లాలలోనూ, మా బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలోనూ కోళ్ళకు ఈ రోగం తేలింది. తరువాత ఏప్రిల్‌లో మా వీధి చివర గ్రుడ్లమ్ముకునే అవ్వ కోళ్ళు తొమ్మిదింటిలో రెండు తలలు వాల్చి చచ్చాయి. వాటిని గోనెసంచిలో కట్టి వంకలో పారవేయబోతున్నదని తెలిసి వెళ్ళాను.

"ఏమవ్వా, కోళ్ళు చచ్చిపోయినాయంట?" అన్నాను.

"గట్టిగా అనాకు నాయనా. ఆఫీసరోళ్ళకు తెలిస్తే మిగిలిన ఏడూ పట్టుకపోతారు. ఆ గుడ్ల దుడ్లతోనే గదా నా మందులు," అన్నది.

ఆమె మాటలో అబద్ధం లేదు. రోగం తేలితే చుట్టూ ఒక కిలోమీటరు మేర కోళ్ళన్నిటినీ చంపడం ప్రభుత్వపు నియమం. కొంతసేపు మాట్లాడక నిలబడి, "నీ మనుమరాలు రాత్రి యాడ పండుకుంటాది?" అని అడిగాను.

"నా పక్కలోనే."

"కోళ్ళ గంప?"

"మా కాళ్ళకాడనే..." అంటూ ఆమే ఆగిపోయింది. కొంచెం సేపటికి, "పిలిపీ నాయనా, ఆ పశువుల డాక్టరును," అన్నది.

ఆయన వచ్చి నమూనాలు తీసుకొని పోయాడు. ఫలితం వచ్చేదాకా పిల్ల మా ఇంట్లో పడుకున్నది. చివరకు అది పాత కొక్కెర రోగమేనని తెలిసింది. కంటికి రెండూ ఒకలాగే ఉంటాయి. పరీక్షలో గాని తేడా తేలదు. అవ్వకు మూడు కోళ్ళు మిగిలాయి.

నాకు తోచినది ఇది. ఇటువంటి అవ్వలకు భయం చెబితే కోళ్ళను దాచుకుంటారు. ధైర్యం చెబితే నోరు విప్పుతారు. ప్రభుత్వం చంపించిన కోళ్ళకు పరిహారం ఉన్నది. ముందే చచ్చినవాటికి లేదు. కనుక దాచినకొద్దీ నష్టమే. ఈ సంగతి వారికి చెప్పడమూ, దరఖాస్తు వ్రాసిపెట్టడమూ, డబ్బు చేతికందే దాకా వెంట తిరగడమూ చదువుకున్న మనవంటివారి పని. మన సంఘంలో ఇద్దరు ముగ్గురు పూనుకుంటే చాలును.

ఇక ఇంటి ఆడవారికీ, ఈ రోజులలో వంట చేసే మగవారికీ ఒక మాట. కోడికూర మానవలసిన పని లేదు. మాంసం లోపలిదాకా 70 డిగ్రీల వేడి తగిలి, ఎరుపు పోయేటట్లు ఉడికితే ఈ క్రిమి చచ్చిపోతుంది. మన కూరలకు అంతకంటె ఎక్కువ వేడే తగులుతుంది. గ్రుడ్డును పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించండి. ప్రమాదమంతా పొయ్యి ఎక్కకముందే ఉన్నది. మాంసం కోసేటప్పుడు పసివాళ్ళను మరొకరికి అప్పగించండి. కత్తిపీటనూ చేతులనూ సబ్బుతో కడగండి. ఆ చేతులతో కళ్ళు నులుముకోకండి. జబ్బుపడిన కోడిని కోయవద్దు, ఈకలు పీకవద్దు. చచ్చినదానిని వట్టి చేతితో ముట్టవద్దు. తరువాత ఎవరికైనా జ్వరమో ఆయాసమో వస్తే, డాక్టరుగారికి జ్వరంతో బాటు కోళ్ళ సంగతి కూడా చెప్పండి. ఓసెల్టామివిర్ అనే మందు మొదటి రెండు రోజులలో పడితేనే బాగా పనిచేస్తుంది. ఆయన అడిగేదాకా ఆగవద్దు.