ఆకు వేసి కూర్చోబెట్టినట్టు

పెళ్లి భోజనాల్లో ఆకు వేసి, నీళ్లు చిలకరించాక వడ్డన కాస్త ఆలస్యమైనా ఎవరూ అలగరు. ఉప్పు ఏ మూల పడుతుందో, పప్పు ఎక్కడికి వస్తుందో ఖాళీ ఆకులోనే కనిపిస్తుంది. అదే ఆకు వేయకుండా గుమ్మం దగ్గర నిలబెట్టి చూడండి, మగపెళ్లివారి గొంతులు లేస్తాయి.

రుషికొండలో ఐటీ కొండ మీద నేను చేసే ఉద్యోగం ఇంచుమించు ఇలా ఆకులు వేయడమే. ఫోన్లో పేజీ తెరవగానే అసలు వార్త రాకముందు బూడిదరంగు పట్టీలు, ఒక గుండ్రటి మచ్చ, వాటి మీదుగా జారిపోయే వెలుగు చార కనిపిస్తాయి కదా, అవి. స్కెలిటన్ స్క్రీన్ అంటాం. 2013లో డిజైనర్ లూక్ రోబ్లెవ్‌స్కీ పెట్టిన పేరు. ఆయన బృందం పోలార్ అనే యాప్‌లో తిరిగే చక్రాలు పెడితే, యాప్ నెమ్మదించిందని వాడేవాళ్లు ఫిర్యాదు చేశారు. చక్రం గడియారం లాంటిది, దాన్ని చూస్తుంటే ఆలస్యమే గుర్తొస్తుంది. వచ్చేదేమిటో దానికి తెలీదు. ('అస్థిపంజరం' అని తెలుగు చేద్దామన్నాను ఆఫీసులో. ఎవరూ ఒప్పుకోలేదు.)

తయారుగా దొరికే పట్టీలు బోలెడున్నాయి. తెచ్చి అతికిస్తే పని అయిపోయినట్టే ఉంటుంది. ఒకసారి తెలుగు వార్తల పేజీకి నేనూ అదే చేశాను. 16 పిక్సెళ్ల ఎత్తు పట్టీలు రెండు, కింద ఒక మీట. ఇంగ్లిషు అక్షరాలకు కొలిచిన పట్టీలవి. అసలు శీర్షిక వచ్చింది. 'విశాఖ ఉక్కు'లో క్కు కింద వత్తు వేలాడింది, 'రాష్ట్రం'లో ష కింద రెండు వత్తులు దిగాయి, రెండు వరుసల శీర్షిక మూడో వరుసకు పొర్లింది. పేజీ ఒక్కసారిగా కిందికి జారింది. చదివేవారి బొటనవేలు ఒకచోటికి దిగుతుంటే మీట ఇంకోచోటికి పోయింది. ఈ జారుడుకు గూగుల్ 2020లో కొలత పెట్టింది, 0.1 దాటకూడదని. మాది దాటింది. చిన్న ఆకు వేసి పులుసు పోసినట్టయింది.

తర్వాత మా తెలుగు శీర్షికలే ముందు పెట్టుకుని ఎస్వీజీ బొమ్మలుగా పట్టీలను నేనే గీశాను. ఎడమ నుంచి ఎంత, పైనుంచి ఎంత, వెడల్పు, ఎత్తు, మూలల గుండ్రం, అంతే లెక్క. కష్టం లెక్కలో లేదు. ఆకు ఎప్పుడు వేయకూడదో తెలియడంలో ఉంది. సెకను దాటనంత వరకు మనిషి ఆలోచన తెగదనీ, పది సెకన్లు దాటితే మనసు నిలవదనీ యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 1993లోనే రాశాడు. సెకనులోపు వచ్చేదానికి పట్టీలు మెరిపిస్తే కన్ను చెదరడం తప్ప ఒరిగేదేమీ లేదు. పది దాటాక కూడా మెరిపిస్తూనే ఉంటే అది మోసం. పొయ్యే రాజేయకుండా బంతిలో కూర్చోబెట్టి ఉంచడం. సర్వర్ పడిపోయిందన్న సంగతి ఆ వెలుగు చారకు తెలీదు, కిటికీ అవతలి సముద్రంలా వస్తూనే ఉంటుంది. అప్పుడు చార ఆపి, 'రాలేదు, మళ్లీ ప్రయత్నించండి' అని చెప్పేయాలి.

ఇప్పుడు తెలుగు పేజీ ఏది చేసినా ప్రతి పట్టీ కింద వత్తులకు చోటు వదులుతున్నాను.