పడవలో చలికాలము

"పడవలో కాపురమేమి?" యని మీరు నవ్వుకొందురేమో. కాకినాడలో మా మేనత్త యీ వార్త వినినప్పుడు నవ్వలేదు. "ఏమే, ఉన్న ఇల్లు పోయిందా?" యని కంట నీరు పెట్టుకొన్నది. ఇల్లు పోలేదు. సియాటిల్ నగరమున అద్దెలు మిన్నంటుచుండెను. మావారికి చిన్ననాటనుండి పడవలపై వ్యామోహము. ఈ రెండును గలిసి మాచేత 36 అడుగుల తెరచాప పడవ నొకదానిని కొనిపించినవి. ఆ కథ యంతటితో చాలును. మేమిద్దరమును, ఎనిమిదేండ్ల మా పాపయు ఆ పడవలో చలికాలములు గడపిన విధమును, అందు మాకు కలిగిన యొక గండమును మాత్రమే యిందు వ్రాయదలచితిని.

సియాటిల్ చలి హిమాలయముల చలి వంటిది కాదు. డిసెంబరు మాసమున సాయంకాలము 4 గంటల 20 నిమిషములకే ప్రొద్దు గ్రుంకును. పగటివేళ 7, 8 డిగ్రీలు, రాత్రి 2, 3 డిగ్రీలు, ఎడతెగని ముసురు. మా పడవ కట్టియుండు సముద్రపు పాయ గడ్డకట్టదు. నడి శీతకాలమున సైతము ఆ నీరు సుమారు 8, 9 డిగ్రీలుండును. అందుచే మంచు కురియు రాత్రులందు నీట మునిగియున్న పడవ యడుగే గాలికి తగులు పైభాగముకంటె వెచ్చగా నుండును. ఈ సంగతి తెలియక మేము మొదట అడుగుననే తివాచీలు పరచి, గోడల నట్లే విడిచిపెట్టితిమి. గోడయన నెంత? గాజునారను జిగురుతో పోతపోసిన పలుచని పెంకు. అంగుళములో సగమైన లేదు.

మొదటి యేడు రెండు కరెంటు కుంపట్లు కొంటిమి. రేవునుండి పడవకు వచ్చు కరెంటు 120 వోల్టులు, 30 ఆంపియర్లు మాత్రమే. ఒక్కొక్క కుంపటి 1500 వాట్లది. రెండును వెలిగించి నేను టీనీళ్ళు పెట్టితినా, దీపములన్నియు నారిపోవును. మావారు వర్షములో గొడుగు పట్టుకొని తేలు వంతెనపైకి పరుగెత్తవలెను. ఒకనాడు తీగ చివర ప్లగ్గు నల్లబడి కమురు వాసన వేయుట చూచి, ఆ పద్ధతికి స్వస్తి చెప్పితిమి.

చలి యనగా నేనంతగా భయపడలేదు. నన్నేడిపించినది చెమ్మ. తెల్లవారి లేచునప్పటికి కిటికీల నుండి నీరు ధారలు కట్టియుండును. తలగడ గోడకు తగిలినచోట తడి. పరుపు నెత్తి చూచిన దాని వీపున నల్లని బూజు. మా యమ్మ నా పెండ్లికి పెట్టిన ఉప్పాడ చీరను మంచము క్రింది అరలో మూటగట్టి దాచితిని. ఫిబ్రవరి మాసమున తీసి చూడగా జరీ అంచు పొడుగునను బూజు మచ్చలు పడియుండెను. ఆనాడు నేను పడవను, పడవ కొన్న మహానుభావుని, సముద్రమును గూడ వరుసగా తిట్టితిని.

వాన నీరు కారుచున్నదని మావారు పడవ పైకప్పంతయు వెదకిరి. ఎక్కడను కన్నము లేదు. ఆ నీరు మాదే. మనుష్యుడు శ్వాసమూలమునను చర్మమూలమునను దినమునకు సుమారు లీటరు నీటిని గాలిలోనికి విడుచును. ముగ్గురమునకు మూడు లీటర్లు. దానికి తోడు అన్నము వార్చు ఆవిరి, పప్పు ఉడుకు ఆవిరి. అన్నిటికంటె నన్నాశ్చర్యపరచినది వంటగ్యాసు. కిలో ప్రొపేను మండిన కిలో ఆరువందల గ్రాముల నీటియావిరి పుట్టును. మంటనుండి నీరు పుట్టునా యని నేను నమ్మలేదు. పాప తన పుస్తకములో చూపించిన తరువాత నోరు మూసికొంటిని. వేసవిలో చన్నీళ్ళ చెంబు చుట్టును చెమర్చుట మన మెరిగినదే గదా. మా పడవ యా చెంబే. కాని చెంబు లోపల మేముంటిమి.

కాబట్టి పడవకు ఉష్ణబంధకము వేయుటయనగా వేడిని నిలుపుట యొక్కటియే కాదు. గోడ ముఖము చల్లబడకుండ చేయవలెను. చెమ్మగాలి ఆ చల్లని పెంకును తాకకుండ అడ్డగింపవలెను. ఈ రెండవ సంగతిని చక్కగా తెలిసినవాడు నార్వే దేశీయుడగు నాన్సెను. ఆయన 1893 మొదలు 1896 వరకు ఉత్తరధ్రువ సముద్రపు మంచులో ‘ఫ్రాం’ అను ఓడను చిక్కుకొనజేసి, మంచుతో కూడ కొట్టుకొనిపోనిచ్చినాడు. అంతకుముందటి ధ్రువయాత్రలలో గోడల చెమ్మ పడకలమీదికి కారి, పరుపులలో గడ్డకట్టెడిదట. అందుచే ఆ యోడ గదుల గోడలకు తారు పూసిన కంబళి, బెండు, పలకలు, మరల కంబళి, దానిపై గాలి చొరని లినోలియము, ఆపైన మరల పలకలు వరుసగా పొరలు వేయించినాడు. పైకప్పులో రెయిన్‌డీరు అను ధ్రువపు జింక రోమములు కూడ కూరించినాడు. గోడలమీద చెమ్మయే లేకుండెనని తన గ్రంథమున సంతోషముతో వ్రాసికొన్నాడు. ఆ యోడ నేటికిని ఓస్లో నగరపు ప్రదర్శనశాలలో నున్నది. చూడవలెనని నాకొక కోరిక.

మాకు జింకరోమములు దొరకవు. రెండవ వేసవిలో మావారు లోపలి చెక్కపలకలన్నిటిని ఊడదీసిరి. వానివెనుక అంటించుటకు నల్లని నురుగు రబ్బరు తెచ్చితిమి. దానిలోని గాలిబుడగలు ఒకదానితో నొకటి కలియక దేనికది మూతబడి యుండును. కాన నీటిని పీల్చదు, ఆవిరిని పోనీయదు. పరుపులలోని మెత్తని స్పాంజివంటిది దీనికి పనికిరాదు, అది చెమ్మను త్రాగి కుళ్ళును. పడవ లోపల ఒక్క గోడయు చదునుగా నుండదు. మామిడిపండు లోపలి వంపువలె నుండును. మావారు కొలబద్దతో రెండు దినములు కుస్తీపట్టి పలకలు పాడుచేసిరి. అప్పుడు నేను పాత వార్తాపత్రికలు తెచ్చి, రవికెకు బెత్తము కత్తిరించునట్లు, వంపునకు వంపు కాగితము నద్ది కత్తిరించి యిచ్చితిని. తరువాత ఒక్క ముక్కయు పాడుకాలేదు. అతుకులలో వెంట్రుకవాసి సందు విడిచినను అక్కడ చెమ్మ చేరును గనుక, అతుకులన్నిటిపై పట్టీలంటించుట పాప వంతు.

నీటిమట్టమునకు దిగువ మాత్రమేమియు నంటింపలేదు. అక్కడ నీరు చేరినచో కంటికి కనబడవలెను. తెరచాప స్తంభపు తీగలను పడవకు బిగించు ఇనుప పట్టాలను, నీటి గొట్టములు వెలికిపోవు కన్నములను గూడ కప్పలేదు. అవి పడవకు ఆయువుపట్లు. పరుపుల క్రింద గాలి యాడునట్లు చెక్కబద్దలు పరచితిమి. అరల తలుపులకు కన్నములు తొలిపించితిమి. కిటికీలకు లోపలివైపున రెండవ అద్దముగా పారదర్శకమైన ప్లాస్టికు పలకలు బిగించితిమి. ఇక పొయ్యి. గాలిని మరయంత్రముతో చిమ్ము డీజిలు పొయ్యిలు కలవు; అవి మంటకు కావలసిన గాలిని బయటనుండియే తీసికొనును, కాని బ్యాటరీ కరెంటు కావలెను. మేము కొన్నది చుక్కచుక్కగా డీజిలు దిగి మండునది. కరెంటక్కరలేదు, చప్పుడుండదు, పైన గిన్నె పెట్టిన చారు మరగును. దానికి పైకప్పులోనుండి పొగగొట్టము. కాని అది మంటకు కావలసిన గాలిని మేముండు గదిలోనుండియే తీసికొనును. ఈ మాట ఆనాడు మేము వింటిమే కాని, చెవిని పెట్టలేదు.

2022వ సంవత్సరము నవంబరులో మా యత్తగారు కాకినాడనుండి వచ్చిరి. మొదటి దినములలో మంచము దిగుటకు భయపడిరి. పదిదినములకు, తేలు వంతెనమీద ముగ్గు పెట్టబోయిరి, వాన నిలువనీయలేదు. డిసెంబరు మూడవ వారమున ఆ ప్రాంతమంతట గడ్డుచలి విరుచుకొని పడినది. నీరు గడ్డకట్టు స్థానమునకు ఎన్నో డిగ్రీలు దిగువ. వంతెన గాజువలె నైనది. తల్లికి చలి తగులునని మావారు పడవ పైకప్పున గాలి వచ్చు రెండు గొట్టములలో పాత తువాళ్ళు కూరిరి. తలుపు సందులలో గుడ్డలు దోపిరి. "ఇంత మూసిన నెట్లు?" అని నేనంటినేమో, జ్ఞాపకము లేదు. అనియుండనిచో తప్పు నాదికూడను.

ఆ రాత్రి నేను వంకాయ పులుసు పెట్టి, పోపు ఘాటు పోవుటకై పొయ్యిపైనున్న పొగలాగు పంకా వేసితిని. పంకా గదిలోని గాలిని వెలికి త్రోయుచున్నది. లోనికి గాలి వచ్చు మార్గమేది? అన్నియు మూసితిమి. ఇక మిగిలినది పొగగొట్ట మొక్కటే. పైకి పోవలసిన పొగ వెనుకకు తిరిగి గదిలోనికి వచ్చినది. పోపు వాసనలో అది మాకు తెలియలేదు. కార్బను మోనాక్సైడునకు వాసనయే లేదు, రంగు లేదు. నెత్తురులో ప్రాణవాయువు పట్టుకొనవలసిన చోటును అది రెండువందల రెట్లకు పైబడిన గట్టితనముతో తానే పట్టుకొనును. దానిని కనిపెట్టి కూయు పరికరము మాకు లేకపోలేదు. బ్యాటరీ తగ్గి మూడు వారముల క్రిందట కీచుమనుచుండగా, పాప నిద్ర చెడునని బ్యాటరీ యూడదీసి సొరుగులో పడవేసినది నేనే. మరునాడు క్రొత్తది కొనవలెననుకొంటిని.

పాప అన్నము వలదని వాంతి చేసికొన్నది. గాలికి పడవ ఊగుచున్నందున కడుపులో త్రిప్పుచున్నదనుకొంటిని. మావారు బల్లమీద తల వాల్చి కునుకుచుండిరి. నాకును కణతలు పగులుచుండెను. అత్తగారు మంచముమీద లేచి కూర్చుండి, కొంచెముసేపు పొయ్యివైపు చూచిరి. మంట కురుచయై, ఎర్రబడి, మసి కట్టుచుండెను.

"అమ్మాయీ, ఈ తలనొప్పి నాకు తెలుసు. తలుపు తియ్యి," అనిరి.

"అత్తయ్యగారూ, బయట మంచు..."

"ముందు తియ్యమంటూంటే!"

వారికి కాళ్ళు తడబడుచున్నను తామే లేచి మెట్లవరకు వచ్చిరి. నేను పైతలుపు త్రోసితిని. పాప నెత్తుకొని వంతెనమీదికి పోయితిని. మావారిని ఇద్దరమును లాగవలసివచ్చెను. అత్యవసరమునకు పిలిచితిమి, ఆస్పత్రిలో నలుగురికిని ముఖమునకు తొడుగు పెట్టి గంటలకొలది ప్రాణవాయువు నిచ్చిరి. పాప తెల్లవారుజామున "ఆకలి" అనినప్పుడు నేను ఏడ్చితిని.

ఆ తలనొప్పి తమకెట్లు తెలియునో అత్తగారు ఆస్పత్రిలో చెప్పిరి. మావారు పుట్టిన పదవనాడు బాలింతగదిలో బొగ్గుల కుంపటి పెట్టి, గాలి సోకరాదని కిటికీలో గుడ్డలు కుక్కి, తలుపు వేసిరట. బిడ్డకు నీళ్ళుపోయ వచ్చిన మంత్రసాని తలుపు త్రోసికొని రాకున్న తల్లియు బిడ్డయు దక్కెడివారు కారట. "అప్పుడూ వీడే, ఇప్పుడూ వీడే," అని కొడుకువంక చూచి నవ్విరి. మావారు నవ్వలేదు.

తువాళ్ళు తీసివేసితిమి. పొయ్యి వెలుగునంతసేపు క్రిందనొక గాలిగొట్టము, పైననొకటి తెరచియే యుండును. పైతలుపు తీయనిదే పంకా వేయను. పడకలవద్ద నొకటి, వంటచోట నొకటి చొప్పున రెండు క్రొత్త పరికరములు తగిలించితిమి. వాని బ్యాటరీలు నావద్ద అరడజను ముందుగనే యుండును. డీజిలు దినమునకు నాలుగు లీటర్లు పోవుచుండగా ఇప్పుడు నాలుగున్నర పోవుచున్నది. మావారు దానికి వగచుట లేదు కాని, "ఇంత వానలో కిటికీ తీసినచో లోన చెమ్మ పెరుగదా?" అని చాలకాలము వాదించిరి. పెరుగదు. 4 డిగ్రీల చలిగాలి వానలో తడిసియున్నను, ఘనమీటరునకు సుమారు 6 గ్రాముల తేమకు మించి మోయలేదు. అదే గాలి లోనికి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కినప్పుడు 17 గ్రాములు మోయగలదు. అనగా మా గోడలయందలి చెమ్మను త్రాగి వెలికి పోవును. కొంచెము వేడిని పోనిచ్చినందున పడవ మునుపటికంటె పొడిగా నున్నది. మూడవ యేట నా పరుపు వీపున బూజు పట్టలేదు. ఉప్పాడ చీర మచ్చలు మాత్రము పోలేదు.

అత్తగారు సంక్రాంతికి తిరిగి వెళ్ళిపోయిరి. పడవ ముందుగదికి ఉష్ణబంధకము వేయుట యింకను మిగిలియున్నది. తెచ్చిన నురుగుపలకలు మంచము క్రిందనే యున్నవి. కత్తిరించుటకు కాగితములు నేను సిద్ధము చేసితిని. ఊడదీయవలసిన పలకలు మావారి వంతు. ఆయన వచ్చు ఆదివారము మొదలుపెట్టెదనని నాలుగు ఆదివారములనుండి చెప్పుచున్నారు.