మొదటి కుర్చీ పని

సినిమా పాటల రికార్డింగుల్లో నాది ముందు వరసలో మొదటి కుర్చీ. సోలో బిట్ వస్తే వాయించేది నేనే కాబట్టి లీడ్ వయొలిన్ అంటే అంతేనని చాలామంది అనుకుంటారు. పాట మొత్తంలో సోలో నాలుగు బార్లు ఉంటే గొప్ప. నా అసలు పని వెనకున్న వయొలిన్లన్నిటినీ ఒక్క గొంతు చేయడం.

మద్రాసు స్టూడియోల్లో నొటేషన్ చాలాసార్లు అప్పటికప్పుడే స్టాండు మీదికొస్తుంది. దాన్ని చూడగానే పెన్సిల్ తీస్తాను. కమాను కిందికి లాగితే స్వరానికి బరువొస్తుంది, పైకి తోస్తే తేలికవుతుంది. కాబట్టి గట్టిగా పలకాల్సిన స్వరం డౌన్ బోలో పడేలా లెక్క చూసుకుని గుర్తులు పెడతాను. స్టాండుకు ఇద్దరు చొప్పున కూర్చుంటారు. నా గుర్తులు చూసి వెనకవాళ్లూ తమ కాగితాల మీద అవే రాసుకుంటారు. కమాన్లు తలోవైపు పోతే స్వరం సరిగ్గానే ఉన్నా పదాల విరుపు చెడుతుంది.

మన పాటల్లో ఇంకో చిక్కుంది. కల్యాణిలో ఒక జారు ఉందనుకోండి. ఒకరు చూపుడువేలితో, మరొకరు ఉంగరపువేలితో, ఒకరు ముందుగా, ఒకరు ఆలస్యంగా జారితే మైకులో వినిపించేది బురదే. అందుకే ఏ వేలితో జారాలో, ఏ అక్షరం మీద మొదలెట్టాలో ముందు వాయించి చూపిస్తాను.

చెవిలో క్లిక్ మోగుతూనే ఉంటుంది కదా, ఇక లీడ్ ఎందుకని కొత్తవాళ్లు అడుగుతారు. క్లిక్ వేగం చెబుతుంది. స్వరాన్ని మెత్తగా ఎత్తుకోవాలా, కొట్టినట్టు ఎత్తుకోవాలా అన్నది అందరూ నా ఊపిరిలో, కమాను ఎత్తే తీరులో చూసి పట్టుకుంటారు.

సోలో, సమూహం రెండూ తెలియాలంటే వి.ఎస్. నరసింహన్ గారిని వినండి. 1986లో వచ్చిన ఇళయరాజా గారి ఆల్బమ్ ‘హౌ టు నేమ్ ఇట్’లో సోలో వయొలిన్ ఆయనదే. మద్రాస్ స్ట్రింగ్ క్వార్టెట్‌ను నడిపించిందీ ఆయనే.

కర్ణాటక సంగీతం నేర్చుకుని ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలకు ఒక మాట. నేల మీద కూర్చుని స-ప-స-పలకు శ్రుతి చేసుకోవడం మీకు అలవాటు. ఇక్కడ కుర్చీలో కూర్చుని, జి-డి-ఎ-ఇకి శ్రుతి చేసుకుని వాయించాలి. గమకం మీ చేతిలో ఉందన్న ధీమాతో స్టాఫ్ నొటేషన్‌ను పక్కన పెట్టకండి. రోజూ ఇదివరకు చూడని పేజీ ఒకటి తీసి, ఆగకుండా చివరిదాకా వాయించండి. స్టూడియోలో మిమ్మల్ని మొదట పరీక్షించేది దానిమీదే.