పొట్టి గౌన్లు, పొడుగు బొంత

"పాత బట్టలకు స్టీలు సామాన్లమ్మా" అని కేక వినపడితే చాలు, నరసరావుపేటలోనైనా ఒంగోలులోనైనా బీరువా తలుపులు తెరుచుకుంటాయి. బేరంలో మర్యాదంతా జరీ చీరలది. ప్యాంట్లది ఆ తర్వాతి వరస. పిల్లల బట్టల దగ్గరికి వచ్చేసరికి గంప దించిన ఆమె వాటిని పక్కకు నెట్టేసి, "వీటికేం వస్తుందమ్మా, కొసరుకైతే వేసుకుంటా" అంటుంది. మూడు నెలలు తొడిగిన జుబ్బా, ఒక్క పుట్టినరోజుకే వేసిన గౌను, చిరగకముందే పొట్టయిపోయిన నిక్కరు. వాటికి రేటు పలకదు. ఎవరికైనా ఇద్దామంటే అక్కచెల్లెళ్ళ పిల్లలూ ఎదిగిపోయారు. చివరికి అన్నీ అట్టపెట్టెలోకి, పెట్టె అటక మీదికి.

ఆ పెట్టెను ఏం చేయాలో ఈ పత్తి నేలకు ఎప్పటినుంచో తెలుసు. బొంత కుట్టాలి.

గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో, ఇప్పుడు పల్నాడు, బాపట్ల పేర్లు పెట్టుకున్న భాగాల్లో కూడా, బొంతకు కావలసిన సామగ్రంతా ఇంట్లోదే. పైనా అడుగునా అరిగి మెత్తబడ్డ నేత చీర, అది మంగళగిరిదో, చీరాల పక్క జాండ్రపేటదో. నడుమ చిరిగిన పంచె, తువ్వాలు, పిల్లల చొక్కాల ముక్కలు. ఐదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే మంచానికి సరిపడే పొడవు దానంతటదే వస్తుంది, టేపుతో పనిలేదు. నేల మీద పరిచి, మూలల్లో చెంబో రోకలిబండో బరువు పెట్టి, ముందు దూరదూరంగా కచ్చాకుట్టు వేస్తారు. తర్వాత అసలు కుట్టు. దానికి నేర్చుకోవలసిన విద్య పెద్దగా లేదు, సూది కిందికి పోతుంది, పైకి వస్తుంది. కష్టమంతా వరసల దగ్గరే. ఎడం ఎక్కువైతే ఉతికినప్పుడు లోపలి గుడ్డలు జారి ఒక మూలకు ఉండ చుట్టుకుంటాయి. మరీ దగ్గరైతే బొంత అట్టలా బిగుసుకుంటుంది. వేలెడు సందు అన్నది నడవాలు, అరుగుల మీద తేలిన లెక్క. మిర్చి బస్తా మూతి కుట్టే దబ్బనం దీనికి పనికిరాదు. అది పొడిచిన చోట పాత గుడ్డ పోగులు విడిపోతాయి.

పత్తి తీతలూ మిరపకాయ కోతలూ అయిపోయి, కూలికి పిలుపులు తగ్గిన ఎండాకాలపు మధ్యాహ్నాలు ఈ పనికి అనువు. ఒక పెద్దావిడ మొదలుపెడితే ఎదురింటామె వచ్చి అవతలి అంచు పట్టుకుంటుంది. రెండు వైపుల కుట్టూ మధ్యలో కలిసేసరికి ఊళ్ళో సంబంధాలు, తగాదాలు, పురుగుమందు అప్పులు అన్నీ మాటల్లోకి వచ్చిపోతాయి.

ఇదంతా జ్ఞాపకాల కోసం చేసిన పని కాదు. పొలంలో పత్తి విరగబూసినా అది బేళ్ళయి మిల్లులకు పోయేది, ఇంట్లో గుడ్డకు మాత్రం కటకటే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1943లో, ప్రభుత్వం నూలు మీదా బట్ట మీదా కంట్రోలు పెట్టింది. అలాంటి రోజుల్లో పిల్లాడి చొక్కాను దాచుకుందామన్న ఆలోచన ఎవరికి వస్తుంది? చిరిగిన చొక్కా తమ్ముడికి, వాడి నుంచి మసిగుడ్డకో బొంత కడుపులోకో పోయేది. జ్ఞాపకం ఆ తర్వాత తనంతట తాను వచ్చి చేరేది. పైగుడ్డ చిరిగిన చోట లోపలి నీలిగళ్ళ ముక్క బయటపడితే, నాయనమ్మ దాన్ని వేలితో తడిమి "ఇది మీ నాన్న రెండో క్లాసు చొక్కారా" అనేది.

అతుకుల గుడ్డకు ఈ ప్రాంతంలో ఇంకా పాత చరిత్ర ఉంది. అమరావతి, నాగార్జునకొండ, దొనకొండ దగ్గరి చందవరం బౌద్ధ స్తూపాలున్న చోట్లు. ముక్కలు ముక్కలుగా కోసి కలిపి కుట్టిన చీవరం భిక్షువుల వస్త్రం. ఎవరో పారేసిన గుడ్డలు ఏరుకుని కుట్టుకోవడం వారిలో గౌరవమైన నియమం. మగధలో గట్లతో విడివడిన వరిమడులను చూపించి, ఇలా ఉండేట్టు చీవరం కుట్టగలవా అని బుద్ధుడు ఆనందుణ్ణి అడిగాడని వినయపిటకం చెబుతుంది. ఆ కుట్టు పద్ధతి బౌద్ధ దేశాల్లో ఇప్పటికీ నడుస్తోంది.

పసిబిడ్డకు మొదట పాత గుడ్డే చుట్టాలన్న తెలుగువాళ్ళ పట్టింపులో పిసినారితనం లేదు. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, గరుకు ఉంటుంది. యాభైసార్లు ఉతికిన చీర ముక్క మెత్తదనం ఏ దుకాణంలోనూ దొరకదు. కొత్త బట్టల ముచ్చట బారసాలకు తీర్చుకుంటారు. బీహార్‌లో ముజఫర్‌పూర్ జిల్లా భుసురా ఊరి సుజనీ బొంతలు పుట్టింది కూడా ఇలాంటి అవసరంలోంచే. పాత చీరలు పొరలుగా కుట్టి పురిటి బిడ్డను చుట్టేవాళ్ళు. అక్కడ చింకిపాతలకు ఒక అమ్మవారే ఉంది, పేరు చితిరియా మా. ఆ పనికి 2006లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జపాన్‌లోని కనజవా ఊళ్ళో షిన్‌జోజి గుడిలో చిన్న చిన్న కిమోనోలు దాచిపెట్టారు. బిడ్డ బతికి బట్టకట్టాలని ఇంటింటా ముక్కలు అడిగి తెచ్చి కుట్టినవి. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్ళలో తర్వాతి బిడ్డకు పిచ్చయ్య అనో, పుల్లయ్య అనో, భిక్షాలు అనో పేరు పెట్టిన పల్నాటి తల్లులకు ఆ కిమోనోల సంగతి ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

జ్ఞాపకం కోసమే కుట్టిన బొంతకు మంచి ఉదాహరణ ఇంకో పత్తి నేలలో దొరుకుతుంది. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే నల్లజాతివారి పల్లె ఉంది. 1942లో భర్త చనిపోయాక మిస్సోరి పెట్వే ఆయన పొలం బట్టలన్నీ చింపి ఒక బొంత కుట్టుకుంది. గోడకు తగిలించడానికి కాదు, కప్పుకుని పడుకోవడానికి. అరవై ఏళ్ళ తర్వాత, 2002లో, ఆ ఊరి బొంతలను హ్యూస్టన్ మ్యూజియం ప్రదర్శనకు పెట్టింది. 2006లో అవి అమెరికా తపాలా బిళ్ళలయ్యాయి. ఇంత పేరు వచ్చినా ఆ బొంతల్లో మోకాళ్ళ దగ్గర వెలిసిన రంగు, జేబు పీకేసిన చోట మిగిలిన ముదురు నీలం అలాగే ఉన్నాయి. అసలు అందం అక్కడే ఉంది.

ఇప్పుడు కొరత గుడ్డకు కాదు, తీరికకు. తక్కిన పని మిషను కుట్టే దర్జీ చేసిపెడతాడు, కానీ ఏ ముక్క ఉంచాలో ఏది వదలాలో తల్లే తేల్చుకోవాలి. ఆరంగుళాల చదరాలు కోసి, చుట్టూ పావంగుళం కుట్టుకు పోగా, అడ్డం ఎనిమిది నిలువు పది కలిపితే 44 అంగుళాల వెడల్పు, 55 అంగుళాల పొడవు వస్తుంది. మొత్తం ఎనభై ముక్కలు. చిన్న గౌనులో రెండు మూడుకు మించి రావు కాబట్టి అటక మీద పెట్టె నిండుగానే ఉండాలి. కోయకముందే అన్నీ ఒకసారి వేడినీళ్ళలో ఉతకాలి, కుంచించుకుపోయేది ముందే పోతుంది. ఎర్ర గౌను మీద తడి తెల్లగుడ్డ రుద్దితే రంగు దిగుతుందో లేదో తేలిపోతుంది. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని అందరూ చెబుతారు గానీ, మిల్లులో సరిగా పట్టని రంగును ఉప్పు పట్టించలేదు. బనీను గుడ్డ టీషర్టులు సాగుతాయి కాబట్టి కాలర్లకు వాడే ఫ్యూజింగ్ వెనక ఇస్త్రీతో అంటించాకే కోయాలి. పట్టు పరికిణీ జరీ పసివాళ్ళ ఒంటికి గీసుకుంటుంది. దాన్ని ఎక్కడో అంచున ఒక్క ముక్క పెడితే చాలు. పాకే వయసు పిల్లలకైతే గుండీలు, పూసలు తీసేయాలి, నోట్లో పెట్టుకుంటారు.

మరక ఉన్న ముక్కను పక్కన పెట్టేసే తల్లులే ఎక్కువ. నిజానికి ముందు చేరవలసింది అదే. నేరేడు పండు మరక, పలక సుద్ద అంటిన జేబు, అమ్మమ్మ చేత్తో వేసిన మాసిక ఉంటేనే అది ఫలానా పిల్ల బొంత అవుతుంది. పిల్లల ఫొటోలు అచ్చువేయించిన దుప్పట్లు కూడా బజార్లో దొరుకుతున్నాయి. వాటిలో పిల్ల మొహం ఉంటుంది, పిల్ల తొడిగిన గుడ్డ ఉండదు.

కూతురి పురుటికి అమెరికా విమానం ఎక్కే అమ్మమ్మల పెట్టెల్లో గోంగూర పచ్చడి, కారప్పొడి సీసాల పక్కనే రెండు మూడు పాత చీరల బొంతలు ఉండటం కొత్త సంగతి కాదు. పెట్టెలో బరువు ఎక్కువైతే ఏది తీయాలన్న దగ్గర తల్లీకూతుళ్ళకు ఫోన్‌లో వాదన జరుగుతుంది. బొంత మాత్రం సాధారణంగా పెట్టెలోనే మిగులుతుంది.

కుట్టిన బొంతను బీరువాలో దాచేస్తే చెదలూ చెమ్మా చూసుకుంటాయి, వాడితేనే అది బతుకుతుంది. వాడాక ఉతకాలి, ఉతికాక ఎండబెట్టాలి. ఈ నేల మీద తంటా అక్కడే. సంక్రాంతి దాటినప్పటి నుంచి కల్లాల్లో మిరపకాయలు పరిచి ఉంటాయి, ఊళ్ళో డాబాలు కూడా ఎర్రబడతాయి. వాటి పక్కన ఆరేసిన బొంతకు ఘాటు పట్టిందా, ఆ రాత్రి పసిదానికీ నిద్ర లేదు, తల్లికీ లేదు. కారానికి కారణమైన క్యాప్సైసిన్ నీళ్ళకు కరగదు, ఎన్ని బిందెలతో జాడించినా పోగుల్లోనే ఉంటుంది. సబ్బుతో మళ్ళీ ఉతకాల్సిందే. అందుకే పాలపర్రులోనో, పర్చూరులోనో పసిపిల్లలున్న ఇంట బొంత ఆరేసే ముందు గాలి ఎటునుంచి వీస్తోందో చూసి, కల్లానికి అవతలి వైపు దండెం కడతారు.