ఎండల సీమలో గరిక సేద్యం

చేలో కనిపిస్తే రైతు వేళ్లతో సహా పెరికి గట్టున పడేస్తాడు. వినాయక చవితినాడు మాత్రం అంతా వెతుక్కుని మరీ తెచ్చుకుంటారు. అదే గరిక! మన వేడి ప్రాంతాల్లోని క్రికెట్ మైదానాలకూ, గోల్ఫ్ కోర్సులకూ పచ్చదనాన్నిచ్చేది ఆ జాతి గడ్డే. రంజీ మ్యాచ్‌లకు వేదికైన కడప వైఎస్ రాజారెడ్డి-ఏసీఏ మైదానం లాంటి చోట దాన్ని పంటలా చూసుకోవాల్సిందే.

కర్నూలు, కడప ప్రాంతాల్లో ఏడాదికి కురిసేది సుమారు 700 మిల్లీమీటర్ల వాన. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కేసీ కాలువ చివరి ఆయకట్టు రైతులు నీటి కోసం ఎదురుచూసే సీమలో గడ్డికి నీళ్లా? ప్రశ్న న్యాయమైనదే. జవాబు తడి పెట్టే తీరులో ఉంది.

రోజూ పైపైన చల్లితే వేళ్లు పైనే ఉండిపోతాయి. రెండుమూడు రోజులకోసారి తెల్లవారుజామున లోతుగా తడిపితే అవి కిందికి దిగుతాయి. ఆవిరయ్యే నీరూ తగ్గుతుంది. ఎండలు ముదిరి గడ్డి పసుపు రంగుకు తిరిగినా కంగారక్కర్లేదు. నేలలోని కాడలు బతికుంటే తొలకరికి మళ్లీ చిగురిస్తుంది.

వానలు మొదలయ్యాక చేతినిండా పనే. బోడిపడిన చోట గరిక కాడలు నాటాలి. ఎరువు వేయాలి. ఎత్తుపల్లాలు సర్దడానికి సన్నని ఇసుక చల్లాలి. కోతకూ ఓ లెక్కుంది. ఒక్కసారిగా మూడో వంతుకు మించి కోస్తే మొక్క నీరసిస్తుంది.

22 గజాల పిచ్ సంగతి వేరు. దానికి బంకమట్టి కావాలి. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే ఈ మట్టి గుణం రేగడి రైతులకు కొత్తేం కాదు. సరిగ్గా పదునున్నప్పుడే రోలర్ తిప్పాలి. తడి ఎక్కువైతే మట్టి రోలర్‌కు అంటుకుంటుంది, ఆరిపోతే అణగదు. రంజీ సీజన్ మొదలయ్యే అక్టోబరులోనే ఈశాన్య రుతుపవనాలూ వస్తాయి. మబ్బు పట్టిందంటే కవర్లతో పరుగే! చలికాలంలో గరిక ఎదుగుదల మందగిస్తుంది కాబట్టి కోతా తగ్గించాలి.

ఇంత శ్రమ ఎందుకంటే... మ్యాటింగ్ మీద బంతి దాదాపు ఒకేలా లేస్తుంది. మట్టి పిచ్ మీద పూటకో తీరు. పెద్ద మ్యాచ్‌లన్నీ జరిగేది దానిమీదే. సీమ కుర్రాడు ఆ ఆట నేర్చుకోవడానికి ఊరు దాటి పోనక్కర్లేకుండా చేసేది ఇలాంటి మైదానమే. దాన్ని వేసవి దాటించేది, కొలతగా పెట్టిన ఆ తెల్లవారుజాము తడి.